మిషన్ పాడైందని చెప్పాను

ఆ అబద్ధం చెప్పేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. నాచారంలో ఒక చిన్న ఇంగ్లిషు మీడియం బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. రెండంతస్తుల ఇంటినే బడిగా మార్చారు. కింది హాలుకు చెక్కలు అడ్డం కట్టి మూడు క్లాసులు చేశారు. పైన వంటగదిగా కట్టిన గదికి సైన్స్ ల్యాబ్ అని బోర్డు తగిలించారు. అందులో ఒక బీరువా, గోడకు అస్థిపంజరం పటం, మూతల్లేని సీసాలు కొన్ని ఉండేవి.

డిగ్రీలో నాకు ఇష్టమైన సబ్జెక్టు కెమిస్ట్రీ. ఫిజిక్స్ మాత్రం బట్టీ పట్టి గట్టెక్కాను. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, హబ్సిగూడలో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా చేరి, చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ప్రిన్సిపల్ మేడం నన్ను పిల్లల తల్లిదండ్రులకు పరిచయం చేసేటప్పుడు "సైంటిస్టు గారి అమ్మాయి" అనేది. మా నాన్న సైంటిస్టు కాదని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ మాటకు వాళ్లు నాకు చేతులు జోడించేవాళ్లు. అది నాకు బాగానే ఉండేది.

మా పిల్లల్లో చాలామంది మల్లాపూర్ షెడ్లలో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. వాళ్లు "వస్తది" అంటే నేను "వస్తుంది" అని దిద్దేదాన్ని. "గిట్ల" అంటే మళ్లీ చెప్పించేదాన్ని. అది కూడా చదువు చెప్పడంలో భాగమే అనుకున్నాను. బయట ఉప్పల్ రోడ్డు మీద తెలంగాణ కోసం ఊరేగింపులు పోయేవి, నినాదాలు మా క్లాసులోకి వినిపించేవి. కిటికీ తలుపులు మూసి నేను పిల్లల మాటలు దిద్దుతూ ఉండేదాన్ని. ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

సైన్సు మ్యూజియానికి తీసుకెళ్తామని పిల్లలకు దసరా ముందే చెప్పాం. బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి చలికాలంలో ఒక గురువారం బయలుదేరాం. రెండు వ్యాన్లలో ఏడో తరగతి అంతా. మ్యూజియంలో ఏమేం ఉంటాయో ముందుగా ఒకసారి వెళ్లి చూసి రమ్మని ప్రిన్సిపల్ మేడం చెప్పింది. నేను వెళ్లలేదు. వెళ్లొచ్చానని మాత్రం చెప్పాను.

ఆ క్లాసులో మూడో బెంచీ చివర ఒక అమ్మాయి కూర్చునేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. రెండు జడలు గట్టిగా అల్లి రిబ్బన్లతో మడిచి కట్టుకునేది. వాళ్లది జనగామ దగ్గర పల్లె. తండ్రి మల్లాపూర్‌లో గేట్లు, గ్రిల్స్ తయారుచేసే షెడ్డులో వెల్డింగ్ పని చేసేవాడు. ఆ అమ్మాయి ప్రశ్నలు ఎక్కువ అడిగేది, అవీ నాకు జవాబు తెలియనివి. ఐస్ నీళ్ల మీద తేలుతుంది, మరి గడ్డకట్టిన డాల్డా కరిగిన డాల్డాలో ఎందుకు మునుగుతుంది, ఇట్లాంటివి. అందుకని నేను ఆ బెంచీ వైపు తక్కువ చూసేదాన్ని.

మ్యూజియంలో ప్రతిదీ ముట్టుకోవచ్చు. ముట్టుకుంటేనే పనిచేస్తాయి. మా పిల్లలకు అది అలవాటు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక్కొక్క బల్ల దగ్గరా "ముట్టాల్నా మేడం?" అని అడిగారు. ముట్టుకోండి అన్నాక కూడా ఒక వేలితో తాకి వెనక్కి లాక్కున్నారు. అరగంట గడిచాక భయం పోయింది. పొట్టిగా, లావుగా చూపించే అద్దాల ముందు నవ్వి నవ్వి ఒకడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చేత్తో తిప్పితే బల్బు వెలిగే యంత్రం దగ్గర కొట్లాట అయింది. నేను అన్నిచోట్లా పక్కనున్న బోర్డు మీది వివరం గబగబా చదివేసుకుని, నాకు ముందే తెలిసినట్టు వాళ్లకు చెప్పాను. అంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత ఒక పొడవాటి బల్ల దగ్గరికి వచ్చాం. దాని మీద పక్కపక్కనే రెండు దారులు అమర్చారు. రెండూ ఒకే ఎత్తులో మొదలై ఒకేచోట దిగుతాయి. ఒకటి తిన్నగా వాలుగా దిగుతుంది. ఇంకోటి మొదట్లోనే బాగా లోతుకు దిగి, వంపు తిరిగి చివరికి చేరుతుంది. పైన ఒక మీట. అది నొక్కితే రెండు ఇనుప గోళీలు ఒకేసారి బయలుదేరతాయి.

అక్కడ నేను బోర్డు చదవలేదు. చదవాల్సిన అవసరమే లేదనిపించింది.

"ఏ గోళీ ముందు వస్తుంది? చెప్పండి చూద్దాం," అన్నాను.

"సీదాది మేడం!" అని అందరూ అరిచారు.

"కరెక్ట్. ఎందుకంటే తిన్నగా ఉన్న దారి దగ్గర. వంకర దారి దూరం."

"కాదు మేడం," అని వెనకనుంచి వినిపించింది. ఆ అమ్మాయే. "వంకరదే ముందుగాల వస్తది."

"వస్తది కాదు. వస్తుంది."

"వస్తుంది మేడం. మొదట్లనే దిగుడున్నది గద. మా ఇంటి కాడ గూడ దిగుడున్నది. సైకిల్ తొక్కకున్నా జోరందుకుంటది... అందుకుంటుంది. గా జోరుతోని..."

"ముందు మాట సరిగ్గా నేర్చుకో. తర్వాత సైన్సు చెబుదువుగాని," అన్నాను.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి నోరు మూసుకుంది. మీట దగ్గరున్న పిల్లవాడికి నొక్కమని సైగ చేశాను.

వంకర దారిలో వెళ్లిన గోళీ చివరనున్న అడ్డుకు టక్కున ముందు తగిలింది. తిన్నని దారిలోది తర్వాత వచ్చింది.

మళ్లీ నొక్కించాను. మళ్లీ అదే. మూడోసారి నేనే నొక్కాను. అదే.

అప్పుడు పిల్లలంతా నా వైపు చూశారు. చెప్పింది నిజమైన ఆ అమ్మాయి వైపు ఒక్కరూ చూడలేదు. మేడం ఏం చెబుతుందా అని చూస్తున్నారు. పక్కనే బోర్డు ఉంది. పక్కకు తిరిగి అది చదివి, "అరే, నేను తప్పు చెప్పానర్రా" అంటే సరిపోయేది. నేను రెండడుగులు పక్కకు జరిగి, నా వీపుతో ఆ బోర్డును మూశాను.

"మిషన్ పాడైనట్టుంది," అన్నాను. "తిన్నని దారిలో గోళీ ఎక్కడో ఆగుతోంది, చూశారా? బాగుంటే అదే ముందు వచ్చేది. పదండి, ఇంకా చాలా ఉన్నాయి."

"మిషన్ ఖరాబైందంట," అని ముందున్నవాళ్లు వెనకవాళ్లకు చెప్పుకుంటూ కదిలారు. లైను మొత్తం పోయేదాకా నేను బోర్డుకు ఆనుకునే నిలబడ్డాను. చివరన ఆ అమ్మాయి మిగిలింది. అంతలో ఆ హాలు చూసుకునే ఉద్యోగి, నడివయసు మనిషి, నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, గా మిషన్ ఖరాబు గాలేదు. గట్లనే వస్తది. బోర్డు మీద రాసున్నది సూడున్రి," అన్నాడు మెల్లగా. నన్ను తప్పుపట్టాలని కాదు. పాపం, సాయం చేద్దామని చెప్పాడు.

"సరే, థాంక్సండి," అన్నాను. ఆ అమ్మాయి నా మోచేతి పక్కనే ఉంది. అంతా వింది. బోర్డు వైపు తల తిప్పబోయింది. నేను భుజం మీద చెయ్యివేసి, "పద, లైను పోతోంది," అని ముందుకు నెట్టాను. గట్టిగా నెట్టలేదు. కానీ నెట్టాను.

తిరుగు ప్రయాణంలో వ్యానులో బిస్కెట్లు పంచాను. అందరికీ రెండేసి. ఆ అమ్మాయి దగ్గర మూడు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలుసు. ఆమె మూడూ చూసి, ఒకటి పక్కనున్న పిల్లకు ఇచ్చేసింది.

వారం తర్వాత, చూసినవాటి గురించి పిల్లలు రాసుకొచ్చిన నోట్సులు ఇంటికి తెచ్చుకుని దిద్దాను. అందరూ అద్దాల గురించి రాశారు. ఆమె ఒక్కతే ఆ బల్ల గురించి రాసింది. స్కేలు పెట్టి బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి, కింద ఇంగ్లిషులో రాసిన దాని అర్థం ఇది: తిన్నని దారి దగ్గర కాబట్టి ఆ గోళీ ముందు వస్తుంది. మేము వెళ్లిన రోజు మిషన్ పాడైపోయినందువల్ల వంకర దారి గోళీ ముందు వచ్చింది.

తను చెప్పిందే నిజమని ఆ పిల్ల కళ్లారా చూసింది, ఆ ఉద్యోగి నోట విన్నది. అయినా నేను చెప్పిందే రాసింది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. తప్పు అని కొట్టెయ్యాలంటే, కొట్టెయ్యాల్సింది నా మాటను. నేను టిక్కు పెట్టి, కింద "గుడ్" అని రాసి సంతకం చేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ రోజుల్లో కరెంటు కోతల వల్ల ఫ్యాక్టరీలకు వారంలో ఒకటి రెండు రోజులు పవర్ హాలిడే ఇచ్చేవాళ్లు. అట్లాంటి ఒక రోజు మధ్యాహ్నం, అన్నాల గంట కొట్టాక, ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతుల మీద నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు. చంకలో గోనెసంచిలో చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది. వరండాలో నన్ను చూసి చెప్పులు విప్పాడు.

"నమస్తే మేడం. జర మీతోని పనుండె."

సంచి విప్పాడు. లోపల మ్యూజియంలో చూసిన బల్లే, చిన్నది. సన్నటి ఇనుప కడ్డీలు జోడుజోడుగా వంచి రెండు దారులు చేసి, పట్టీ మీద వెల్డ్ చేసి, వెండి రంగు కూడా వేశాడు. జేబులోంచి రెండు బేరింగ్ గోళీలు తీశాడు.

"పాప ఇంట్ల దినాం గిదే ముచ్చట మేడం. సీదాది ముందుగాల రావాలె, మిషన్ ఖరాబుండె అని మేడం చెప్పింది అంటది. సరే, మంచిగున్న మిషన్ ఎట్లుంటదో సూద్దామని, పాప గీసిన బొమ్మ సూసి షెడ్డుల చేసిన. మూడుసార్లు వంచిన. ఎట్ల వంచినా వంకరదే ముందుగాల వస్తున్నది. గలత్ యాడ జేస్తున్ననో సమజైతలేదు. సదువుకున్నోళ్లు మీరు, జర సూసి చెప్తరా?"

అతని ముఖంలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేదనిపించింది. లేదు. తన చేతిపనిలోనే తప్పుందని నిజంగా నమ్ముతున్నాడు. నేను చెప్పాను కాబట్టి.

వరండా చివర మెట్ల మీద టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని ఆ అమ్మాయి మమ్మల్నే చూస్తోంది.

"ఉంచి వెళ్లండి. చూసి చెబుతాను," అన్నాను.

"మంచిది మేడం. తొందరేం లేదు," అని మళ్లీ దండం పెట్టి వెళ్లాడు.

దాన్ని పైకి తీసుకెళ్లి ల్యాబులో బీరువా వెనక నిలబెట్టాను. రోజులు గడిచాయి. ఆ అమ్మాయి ఒక్కసారే అడిగింది, ప్రార్థన అయ్యాక, పక్కకు వచ్చి.

"మా నాయిన అడుగుతున్నడు మేడం. గలత్ దొరికిందా?"

"ఇంకా చూడలేదమ్మా," అన్నాను. ఈసారి ఆమె మాట దిద్దలేదు. దిద్దే ముఖం నాకు లేదు.

దాన్ని బయటికి తీసింది నేను కాదు. మా బడిలో లెక్కలు చెప్పే సారు, వరంగల్ ఆయన, పెద్ద వయసు మనిషి, చార్టు కోసం వెతుకుతూ బీరువా జరిపారు. నేను వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా గోళీలు వదులుతున్నారు.

"ఎవరు చేసిన్రు మేడం దీన్ని? ఏం సాఫుగ వంచిండు!"

నేను తలుపు దగ్గరే నిలబడి అడిగాను. "సార్, వంకరది ముందు ఎందుకు వస్తుంది?"

ఆయన నన్ను ఒక క్షణం చూశారు. "మొదట్లనే కిందికి దుంకుతది గద. జోరు ముందే అందుకుంటది. ఆ జోరుతోని పోతాంటే, దూరం జర ఎక్కువైతేంది?"

ఆ అమ్మాయి ఆ రోజు చెప్పబోయింది ఇదే, ఇంచుమించు ఇవే మాటల్లో. నేను అక్కడే కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పేశాను. బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డ సంగతితో సహా. చెబుతుంటే ఏడుపొచ్చింది. సారు ఓదార్చలేదు, తిట్టలేదు. గోళీలు రెండూ నా చేతిలో పెట్టి, "రేపే చెప్పున్రి పిల్లలకు. ఎన్ని రోజులు పోతే అంత కష్టమైతది," అన్నారు.

మర్నాడు క్లాసులో టేబుల్ మీద దాన్ని పెట్టాను. పిల్లలు లేచి నిలబడి చూశారు. గోళీలు వదిలాను. వంకరది ముందు వచ్చింది.

"మ్యూజియంలో నేను చెప్పింది తప్పు," అన్నాను.

"అయితే ఆ మిషన్ ఖరాబు గాలేదా మేడం?" అని ముందు బెంచీ పిల్లవాడు అడిగాడు.

"కాలేదు."

"మరి ఖరాబైందని ఎందుకు చెప్పిన్రు?"

రాత్రంతా జవాబులు సిద్ధం చేసుకున్నాను. నేను కూడా సరిగా చూడలేదని, పొరపాటు పడ్డానని. ఆ ప్రశ్న వినగానే అవేవీ నోట్లోంచి రాలేదు. "నాకు తెలియదని మీకు తెలుస్తుందని," అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికయ్యేది.

"ఈమె ఆ రోజే సరిగ్గా చెప్పింది. నేనే చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పమ్మా, అందరికీ," అన్నాను.

ఆమె లేచింది. టేబుల్ వైపు చూసింది. "వంకర దారిలో... గోళీ... వేగమును... అందుకొనును," అంది. ఆగిపోయింది.

"నీకు వచ్చినట్టే చెప్పు. ఇంట్లో నాన్నతో ఎలా చెబుతావో అట్లాగే," అన్నాను.

ఆమె తల వంచుకుని నిలబడింది. నేను ఎంత బతిమాలితే అంత ముడుచుకుపోయింది. చివరికి "కూర్చో" అన్నాను. మ్యూజియంలో సైకిలు గురించి గడగడా చెప్పిన పిల్ల. ఆ సంవత్సరంలో ఆమె మళ్లీ నా క్లాసులో ప్రశ్న అడగలేదు. లెక్కల సారును మాత్రం అడిగేదట.

ఆ సాయంత్రం ఆ బల్ల పట్టుకుని మల్లాపూర్ వెళ్లాను. షెడ్డు వెతకడానికి చాలాసేపు పట్టింది. అతను సగం అయిన గేటు మీద వంగి పనిచేస్తున్నాడు. నన్ను చూసి కంగారుగా నల్లద్దాలు తీసి, స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"మీ పనిలో తప్పు లేదు. తప్పు నాది. వంకరదే ముందు రావాలి. మీ పాప మొదటే చెప్పింది. నేను అబద్ధం చెప్పాను," అన్నాను. తోటి పనివాళ్లు చేతిలో పని ఆపి వింటున్నారు.

అతను నావైపు, బల్లవైపు చూశాడు. నవ్వాడు. "అంతేనా మేడం! నేను పరేషానయిన. ఇరవై ఏండ్ల సంది ఇనుము వంచుతున్న, నా చెయ్యి పోయిందా ఏందని భయమైంది. పోనీ తియ్యున్రి. చాయ్ తాగుతరా?"

అంత సులువుగా పోనివ్వకపోతే బాగుండేదనిపించింది. నాలుగు మాటలు అంటాడనుకునే వెళ్లాను. చాయ్ తెప్పించాడు. అందరూ చూస్తుండగా నిలబడి తాగాను. బల్ల తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "బడిలనే ఉండనియ్యున్రి. పిల్లలు సూస్తరు," అన్నాడు.

మరుసటి ఏడాది ఆ షెడ్డు చర్లపల్లికి మారింది. వాళ్లూ ఇల్లు మార్చారు. టీసీ తీసుకోవడానికి తండ్రీకూతుళ్లు వచ్చినప్పుడు ఆఫీసులో నేనే ఉన్నాను. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. బాగా పొడవయింది. నేను పలకరిస్తే "బాగున్నాను మేడం" అంది, అంతే.

తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వెళ్లబోతూ ఆగాడు.

"మేడం, ఒక్క మాట. పది అయినంక ఏం సదివిపిస్తే మంచిగుంటది? మీరేది చెప్తే అదే."

అంతా తెలిసి కూడా ఈ మనిషి నన్నే అడుగుతున్నాడు. "నన్ను అడక్కండి. తననే అడగండి. తనకు తెలుసు," అన్నాను.

అది మర్యాదకు అన్న మాట అనుకున్నాడు. నవ్వి, దండం పెట్టి, "పా బిడ్డా" అని కూతురితో కలిసి గేటు దాటాడు.